గురప్ప తెడ్డు

ఎనభై ఒకటిలో, గల్ఫులో, షుఐబాలోని మా లేబర్ క్యాంపు గేటుకి కాపలా గురప్ప. కడప మనిషి. చేతిలో లాఠీ కూడా ఉండేది కాదు. ఇదేం కాపలా అని మా కోనసీమ వాళ్లం నవ్వుకునేవాళ్లం.

క్యాంపు వంటవాణ్ణి కొట్టినందుకు గురప్ప మాతో పనిచేసే నాగేశ్వరని క్యాంపులోంచి వెళ్లగొట్టాడు. శుక్రవారం వచ్చి గురప్ప కాళ్లు విరగ్గొడతానని వాడు కబురంపాడు. అన్నట్టే మిట్టమధ్యాహ్నం ఇనుప రాడ్డుతో దిగాడు. నలభై మందిమి గదుల్లో దూరి గడియలు పెట్టుకున్నాం. దాచడమెందుకు, అందరికంటే ముందు పెట్టుకున్నది నేనే.

కిటికీలోంచి చూశాను. గురప్ప గేటు పక్కన కూర్చుని, తెడ్డుతో రాగిసంగటి కెలుకుతున్నాడు.

"లెయ్‌రా గురప్పా!" అని అరిచాడు నాగేశ్వర.

"యాడ లేసేది? ఇప్పుడు ఇడిస్తే ఉండలు కడతాది. గిన్నె తిరిగిపోతాంది, వచ్చి పట్టుకో," అన్నాడు గురప్ప, తలెత్తకుండానే.

నాగేశ్వరదీ కడపే. సంగటి ఉండలు కడుతుంటే చూస్తూ నిలబడటం వాడివల్ల కాలేదు. రాడ్డు ఇసుకలో పడేసి, గొంతుక్కూర్చుని, తువ్వాలుతో రెండు చేతులా గిన్నె పట్టుకున్నాడు.

గురప్ప మొదటి ముద్ద వాడికే పెట్టాడు. "తిని, ఆ వంటాయనకు తప్పయిందని చెప్పిపో."

వాడు తిన్నాడు, చెప్పాడు, వెళ్లిపోయాడు.

మీ కాపలావాడికి లాఠీ కూడా లేదటగా అని పక్క క్యాంపు వాళ్లు ఆ తర్వాత కూడా వెక్కిరించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. తీసుకెళ్లి మా గేటు చూపించేవాణ్ణి. దానికి గడియ ఆ రాడ్డే.