చెరగని క్యాసెట్టు

శుక్రవారం ఉతికిన బట్టలు మడతపెడుతుంటే రాజ్యానికి తన పాత నేతచీర కనపడలేదు. దండెం మీద లేదు, పెట్టెలో లేదు. కూతురు సత్యవేణి కూడా గదిలో లేదు.

దుబాయిలో, సత్వాలోని ఆ ఇరుకు గదికి వచ్చి నాలుగేళ్ళు. తను అరబ్బు ఇంట్లో అంట్లు తోముతుంది, పిల్ల దర్జీ కొట్లో కుడుతుంది. మిషను తొక్కుతూనే పాటలు కట్టింది. తనే పాడి క్యాసెట్లు చేస్తే అవి జెబెల్ అలీలో కూలీలుండే క్యాంపుల దాకా వెళ్ళాయి. ఆ తర్వాత నాటకాల్లో వేషాలు. ఇప్పుడు వీడియో కొట్టు త్రిమూర్తులు దగ్గర వీడియో కెమెరా అద్దెకు తీసుకుని, మూడు శుక్రవారాలుగా, సెలవు రోజని, అల్ ఖూజ్ గోదాముల వెనక సినిమా తీస్తోందట! సినిమాకి తల్లి చీరెందుకు? ఎవడితోనో లేచిపోవడానికి మూట కట్టుకుందా? పోలీసులు పట్టుకుంటేనో?

ఊరినుంచి మొగుడు పెద్దిరాజు పంపిన క్యాసెట్టు బల్ల మీదుంది. రాజ్యానికి రాత అంతంతమాత్రం, అందుకని ఆ ఒక్క క్యాసెట్టే ఇద్దరికీ ఉత్తరం. ఆయన మాటల మీద ఈమె మాట్లాడి పంపుతుంది. ఈమె మాటలు చెరిపి ఆయన మాట్లాడతాడు. "ఏమే రాజ్యం, పిల్ల గొంతు ఊరూరా వినపడతంటే నాకు తలెత్తుకోడానికి లేదు. వచ్చే నెల విమానం ఎక్కించెయ్" అన్నాడు ఈసారి.

ఎక్కించేద్దామనే అనుకుంది. ఎవడో ఉన్నాడన్న రుజువు కోసం పిల్ల సంచీ వెతికితే ఒక క్యాసెట్టు దొరికింది. దాని అంచు మీది ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచేసి ఉన్నాయి. "అవి తీసేస్తే దానిమీద ఇంకెవరూ రికార్డు చెయ్యలేరమ్మా" అని సత్యవేణే ఒకసారి చెప్పింది. అంత భద్రంగా దాచుకునేదేముంది? మగగొంతు వినపడుతుందనుకుంటూ టేపురికార్డర్లో పెట్టి మీట నొక్కింది.

కూతురి గొంతే.

"అందరి ఎంగిలీ నా చేతిలోనే,
నా ముద్ద చల్లారె నా గిన్నెలోనే..."

రాజ్యం టేపురికార్డరు దగ్గరకి వంగింది. అంట్లు తోముతూ తను గొణుక్కునే మాటలవి. పెళ్ళైన కొత్తలో పైకే పాడేది. "ఆడదాని గొంతు గడప దాటితే నా మొహాన ఉమ్మేస్తారు" అన్నాడు పెద్దిరాజు. "గిన్నెల చప్పుడు చాలదా?" అంది అత్తగారు. అప్పట్నుంచి పాట గొణుగుడైంది. ఆ గొణుగుడునే పిల్ల విన్నదన్నమాట.

తలుపు తీసుకుని సత్యవేణి వచ్చింది. ఒంటి మీద ఆ నేతచీర, జుట్టు నిండా తెల్లటి పిండి.

"ఏంటే ఈ అవతారం?"

"సినిమాలో అమ్మ వేషానికి ఎవరూ దొరకలేదు. నేనే వేశాను. ఎలా ఉన్నాను?"

"నడుం అంత నిటారుగా పెట్టి అంట్లు ఎవత్తి తోముద్దే?"

సత్యవేణి నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "పాట కింద నీ పేరే వేస్తున్నానమ్మా. వద్దంటావా?" అంది.

రాజ్యం మొగుడి క్యాసెట్టు పెట్టి రికార్డు చేసే ఎర్ర మీట నొక్కింది.

"ఏవండీ, ఆ పాట కట్టింది నేను. పిల్ల రాదు."

క్యాసెట్టు బయటికి తీసి, పిన్నీసుతో అంచు మీది ముక్కలు రెండూ పుటుక్కు పుటుక్కున విరిచేసింది.