తెరకి అందని ఫ్యాన్

రాఘవులు సర్వర్ డబ్బా వెనక అరచెయ్యి మోపి, చెవి ఆనించాడు. అమలాపురంలో ఈ కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు పెట్టి ఆరేళ్ళు; ఆరేళ్ళుగా గంటకోసారి ఇదే పని. అంతకుముందు కొబ్బరి కొట్టులో కురిడీకాయ చెవి దగ్గర ఆడించి, లోపల ఎండిందో లేదో చెప్పేవాడు. బక్కపలచని మనిషి, చొక్కాజేబులో ఎప్పుడూ దుమ్ము దులిపే బ్రష్షు.

"మీకెందుకండీ శ్రమ బాబాయిగారూ, తెరమీద కనబడతందండి" అంది కొత్తగా పనిలో చేరిన నాగదుర్గ.

కనబడతందిట! వచ్చి మూణ్ణెల్లు కాలేదు. లినక్స్‌లో ఏవో నాలుగు ముక్కలు కొట్టి, లోపల వేడి ఎన్ని డిగ్రీలో, ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో వరసగా తెరమీద పెట్టింది. యజమాని ఆంజనేయప్రసాద్ గారు వచ్చినవాళ్ళందరికీ చూపించడమే. "మా దుర్గ చేసిందండీ!" ఆరేళ్ళలో ఒక్కనాడు 'మా రాఘవులు' అన్న పాపాన పోలేదు.

ఆ పూట చేతికి వేడి తేడాగా తగిలింది. డబ్బాకి కరెంటు అందించే పెట్టెలోని చిన్న ఫ్యాన్ గరగరమంటూ ఆగి ఆగి తిరుగుతోంది. తెర చూశాడు. అన్నీ బాగున్నాయి. అంటే ఈ ఫ్యాన్ సంగతి తెరకి తెలియనే తెలియదు!

చెబుదామని నోరు తెరిచాడు.

"ఆ తడమడాలు మానెయ్యవయ్యా, దుర్గ చూసుకుంటాది" అన్నారు యజమాని.

"ఆయ్" అని బయటికొచ్చేశాడు. తిననీ దెబ్బ, మురిపెం తీరుతుంది అనుకున్నాడు. భోజనం మహా రుచిగా ఉంది.

మూడింటికి ఆ కరెంటు పెట్టె టప్‌మని పేలింది. కాలిన వాసన. ఊళ్ళో కనెక్షన్లన్నీ పోయాయి.

నాగదుర్గ పెట్టె విప్పి చూసి, కళ్ళు తుడుచుకుంది. "నాదే తప్పండి. ఈ ఫ్యాన్ చుట్లు తెరకి లెక్కచెప్పే తీగే లేదండి, నాకు తట్టలేదు. రేపట్నుంచి రానండి." తర్వాత రాఘవులు వైపు తిరిగింది. "బాబాయిగారూ, పొద్దున్న మీరు చెవి పెట్టేరు కదండీ. అప్పుడు బాగానే ఉందాండీ?"

యజమాని కూడా చూస్తున్నారు.

"బాగానే ఉందమ్మా."

"మీ చెవికే అందలేదంటే ఇంకెవరికందుద్దిలెండి" అంది, పూర్తిగా నమ్మేసి. సైకిలెక్కి వెళ్ళిపోయింది.

"ఇక మా రాఘవులే దిక్కు" అన్నారు యజమాని, భుజం తట్టి. రాఘవులు తలెత్తలేకపోయాడు.

బల్లమీద ఆ పిల్ల విప్పిన నాలుగు స్క్రూలు, దొర్లిపోకుండా, తను మర్చిపోయి వెళ్ళిన టిఫిను గిన్నె మూతలో పెట్టి ఉన్నాయి. మూతకి పులిహోర పసుపు ఇంకా అంటుకునే ఉంది.