గుమ్మంలో ఆగిన మాట

తెర మా వెనకాల ఉంది. కుర్చీలు అటు తిప్పి వేశారో, మేమే ఇటు తిరిగి కూచున్నామో తెలియదు కాని, పరిషత్తు నాటికలు ఆడుతున్న హాల్లో నేనూ శోభనాద్రీ పక్కపక్కన కూచుని వీపులతో నాటకం చూస్తున్నాం, అది మాకేమీ వింతగా అనిపించడం లేదు, వెనక ఎవరో మాట మింగేస్తే ఇద్దరం ఒకేసారి మొహం చిట్లిస్తున్నాం. హాలు కొంచెం కొంచెంగా ఊగుతోంది. పక్క తలుపుల్లోంచి చూస్తే మేం రిహార్సల్స్ వేసుకునే ఎలిమెంటరీ స్కూలు వరండా కనబడుతోంది, వరండా అవతల మొక్కజొన్న చేలు వెనక్కి పరిగెడుతున్నాయి. శోభనాద్రి పోయి మూడేళ్ళయింది. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలుసో లేదో తెలియదు, మనమే ఎత్తితే బాగుండదని ఊరుకుంటున్నాను.

వాడి భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. ముప్పయ్యేళ్ళపాటు కరపత్రాల మీద మా ఇద్దరి పేర్లూ కలిపే అచ్చేశారు, రచన శోభనాద్రి-పానకాలు అని, చాలామంది అదంతా ఒక్కడి పేరే అనుకునేవాళ్ళు. వాడు గదిలో అటూ ఇటూ నడుస్తూ మాటలు చెప్పేవాడు, నేను కూచుని రాసేవాణ్ణి. వాడు పోయాక నేను ఇంకా కూచునే ఉన్నాను, నడిచేవాడే లేడు.

"జడ్జివయ్యావంటగా," అంటాడు వాడు, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ. "ఎట్టా ఉన్నయిరా కొత్త నాటికలు?"

"బాగున్నాయిరా," అంటాను. "మనకంటే బాగా రాస్తున్నారు."

ఈ మాట నేను పరిషత్తు వాళ్ళ మైకులో కూడా చెప్పాను. ఏదో పెద్దాయన వినయం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. వినయం కాదు, నిజంగానే నా కడుపు నిండిపోయింది, అది పక్కనెవరికైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. నా పక్కన కూచున్న జడ్జీలిద్దరూ లైటింగుకి మార్కులు ఎంత వెయ్యాలో గుసగుసలాడుకుంటున్నారు.

"ఊఁ," అంటాడు శోభనాద్రి. వాడి ఊఁలో చాలా రకాలుండేవి. ఇది చెప్పు చెప్పు అనే ఊఁ.

నేను చెబుతాను. ఏసుపాదం అని ఒక కుర్రాడు రాసిన నాటిక చెబుతాను, అందులో కొత్తగా పెళ్ళయిన జంట అద్దె ఇల్లు చూడ్డానికి వస్తారు, ఇంటాయన మర్యాదస్తుడు, మజ్జిగ ఇస్తాడు, మీదే ఊరు, ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు, ఇంటిపేరేంటి, ఆదివారం ఏం వండుకుంటారు అని ఒక్కొక్కటే అడుగుతుంటాడు, వాళ్ళు ఒక్కొక్కదానికే జవాబు చెబుతుంటారు, నాటిక మొత్తంలో కులం అన్న మాట ఒక్కసారి కూడా ఎవరి నోటా రాదు. చెబుతుంటే హాలు ఇల్లయిపోతుంది, మా చేతుల్లో మజ్జిగ గ్లాసులున్నాయి, శోభనాద్రి తాగకుండా పట్టుకుని వింటున్నాడు.

"జనం?" అంటాడు.

"ముందు తెగ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు."

"మనమైతే ఏం చేసేవాళ్ళం?"

"మనమైతే ఆఖర్న ఎవరో ఒక మేష్టారు లేచి ఉపన్యాసం ఇచ్చేవాడు."

"నువ్వు రాసేవాడివిలే."

"నువ్వు చెబితేనేగా రాసేది."

"చప్పట్లు పడేయిగా," అంటాడు వాడు కొంచెం కినుకగా. పడేవి, కాదనను. మళ్ళీ అడుగుతాడు, "ఆఖర్లో ఎవడన్నా చస్తన్నాడా?"

"లేదురా. ఇప్పుడు ఎవరూ చావటం లేదు."

"అదృష్టవంతులు," అంటాడు.

అప్పుడు నాకు అర్థమవుతుంది, వాడికి తెలుసు. ఇక మొహమాటం అక్కర్లేదు. కాని ఇంతసేపూ వాడు మామూలుగా వచ్చి కూచున్నట్టుంది, ఇప్పుడు ఎప్పుడైనా లేచి వెళ్ళిపోయేవాడిలా ఉన్నాడు.

"మనది ఏం చేశావురా?" అంటాడు.

మనది అంటే మా ఆఖరి నాటిక, అక్కాచెల్లెళ్ళది. చెల్లెలి మొగుడు పోతే అక్క చూడ్డానికి రాదు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు, చివరికి ఒకరోజు అక్క వచ్చి చెల్లెలి గుమ్మంలో నిలబడుతుంది. అక్కడ ఆగిపోయాం. నిలబడ్డ మనిషి మొదట ఏమంటుంది? ఏడిపించి చూశాం, తిట్టించి చూశాం, కాళ్ళ మీద పడేసి చూశాం, అన్నీ నాటకంలా ఉన్నాయి. ఆస్పత్రిలో ముక్కుకి గొట్టాలున్నప్పుడు కూడా వాడు నా చెయ్యి పట్టుకుని, "ఆ మాట దొరికితే నాకు చెప్పరా," అన్నాడు. నేను చెబుతానన్నాను. నాకు దొరకలేదు. దొరకనందుకు నాలో నేను సంతోషించాను కూడా, ఎందుకంటే అది దొరకనంతకాలం మా ఇద్దరికీ ఇంకా పని ఉన్నట్టే, పొద్దున్నే కాఫీ తాగుతూ వాడితో ఆ గుమ్మం గురించి మాట్లాడుకోవచ్చు.

"దొరికిందిరా," అంటాను.

వాడు నాకేసి తిరుగుతాడు. మజ్జిగ గ్లాసు లేదు, ఇల్లు లేదు, మేం స్టేజీ మీద ఉన్నాం.

"నాకు కాదు. రిజ్వానా అని, చీరాల వైపు అమ్మాయి, ఇదే మొదటి నాటిక. అక్కాచెల్లెళ్ళు కాదు, తల్లీకూతుళ్ళు. పిల్ల తనకి నచ్చినవాణ్ణి చేసుకుంటే తల్లి గడప తొక్కొద్దంది. చాలా ఏళ్ళ తర్వాత పిల్ల వస్తుంది. తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది, వెనక్కి తిరిగి చూడదు. పిల్ల గుమ్మంలో నిలబడుతుంది."

"మన గుమ్మమేరా అది," అంటాడు శోభనాద్రి.

"అచ్చం మనదే. ఆ పిల్లకి మన సంగతే తెలియదు."

అసూయ పడతాడేమోనని చూస్తాను. నేనైతే పడ్డాను, హాల్లో ఆ మాట విన్నప్పుడు ముందు కడుపు మండింది, ఆ తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగి మార్కుల కాగితం కనపడలేదు. వాడి మొహంలో అదేం లేదు. పెళ్ళి కబురు విన్నవాడిలా మొహం విప్పారింది.

"ఏమంది?" అంటాడు.

నేను లేని మజ్జిగ గ్లాసు కోసం తడుముకుంటాను.

"చెప్పరా. ఏమంది?"

స్టేజీ మీద గోడల్లేవు, గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది, పాత సెట్టింగుల కొట్టులో ఉండే తలుపుల్లేని చెక్క గుమ్మం, వాడు ఎప్పుడు లేచాడో వెళ్ళి దాంట్లో నిలబడి ఉన్నాడు. నేను వాడికి వీపు పెట్టి కూచుని ఉన్నాను. తిరగాలని ఉంది, మెడ తిరగదు.

"ఇది చెబితే మన నాటిక అయిపోతుంది," అంటాను.

"అయిపోనీ. మంచిదేగా."

"అయిపోతే నువ్వు మళ్ళీ దేనికొస్తావు?"

వాడు ఊఁ అనడు. చేలు పరిగెత్తడం ఆగిపోయింది, హాలు ఊగడం ఆగిపోయింది, కింద ఎక్కడో కుర్చీలు మడిచి ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు.

"నన్నిట్టా గుమ్మంలోనే నిలబెడతావంట్రా పానకాలూ," అంటాడు వాడు నెమ్మదిగా. కోపం లేదు. కాళ్ళు నొప్పులు పుట్టినవాడు అన్నట్టుగా అంటాడు, బతికుండగా కూడా వాడు ఎక్కువసేపు నిలబడలేకపోయేవాడు.

నేను గట్టిగా మొదట్నుంచీ చెబుతాను, పిల్ల ఇల్లు విడిచి వెళ్ళడం చెబుతాను, తల్లి రెండు కంచాలు పెట్టి ఒకటి తీసెయ్యడం చెబుతాను, పిల్ల సందు మొదట్లో బస్సు దిగడం చెబుతాను, గుమ్మంలోకి వచ్చిందని చెబుతాను, తల్లి వెనక్కి తిరగలేదని చెబుతాను, ఇక ఆ మాట ఒక్కటే మిగిలింది, నోటి చివరిదాకా వచ్చింది, అప్పుడు...

రైలు ఆగి ఉంది. ఏదో చిన్న స్టేషను, పేరు కిటికీలోంచి కనపడటం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ నా మోకాళ్ళ మీద పడుతోంది, పరిషత్తు వాళ్ళు కప్పిన శాలువా సంచీలోంచి బయటికి వేలాడుతోంది. గొంతు ఎండిపోయింది.

ఎదుటి సీట్లో ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని నాకేసే చూస్తోంది. నా వయసే ఉంటుంది, ఓ అయిదారేళ్ళు తక్కువైతే తక్కువ. నేను కళ్ళద్దాలు సర్దుకునేదాకా ఆగి అడుగుతుంది.

"ఏమందయ్యా ఆ పిల్ల?"

"ఏ పిల్లమ్మా?"

"ఇందాకట్నుంచీ నిద్దట్లో చెప్తన్నావుగా. గుమ్మంలోకొచ్చి నిలబడిందన్నావు. తల్లి తిరగలా అన్నావు. అక్కడే ఆపేశావు." ఆవిడ కొంచెం ముందుకి జరుగుతుంది. "నేను దిగాల్సింది వచ్చే స్టేషన్లో. ఏమందో చెప్పు."

నాకు చెప్పాలని లేదు. ఇది ఈవిడ కోసం దాచుకున్న మాట కాదు. కాని ఆవిడ సంచీ మీద చేతులు పెట్టుకుని అలా కదలకుండా చూస్తుంటే, ఇంకొక మనిషిని కూడా గుమ్మంలో నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

"అమ్మా, ఏం కూర? అంది," అంటాను.

బండి కదులుతుంది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, చాలాసేపు కిటికీలోంచి చేలల్లోకి చూస్తుంది. అయిపోయింది, చెప్పేశాను, ఇంత తేలిగ్గా అయిపోయిందా అనుకుంటున్నాను, ఏడుపొస్తోంది.

"తల్లి చెప్పిందా, ఏం కూరో?" అంటుంది ఆవిడ.

"లేదమ్మా. అక్కడితో తెర పడిపోతుంది."

"తెర పడితే పడింది. వచ్చిన పిల్లకి చెప్పకుండా ఉంటదా?" ఆవిడ లేచి సంచీ చేతికి తగిలించుకుంటుంది. "దోసకాయ అయ్యుంటదిలే. ఈ ఎండల్లో ఇంకేం దొరుకుతయ్."

ఆవిడ తలుపు వైపు వెళ్ళిపోతుంది. మేమిద్దరం అన్నేళ్ళు తల బద్దలు కొట్టుకున్నా ఇంత మంచి మాట ఒక్కటి రాయలేదు. విన్నావురా అందామని నేను పక్కకి తిరుగుతాను.