కైరమ్మ టీచరు జుత్తు

నాకు జుత్తు లేదని కంచరపాలెమంతా నమ్మేసింది. ఆ మాట పుట్టించింది నా రెండో తరగతి పిల్లలే.

వాళ్ళ తప్పేం లేదు. ఆ పేటలో తల మీద గుడ్డ కనబడిందంటే ఒకటే అర్థం. సింహాచలం వెళ్ళి గుండు చేయించుకుని, గంధం పూసుకుని, ఎండ తగలకుండా తువ్వాలు కట్టుకొచ్చారని. నేనేమో రోజూ తలకి తెల్లగుడ్డ చుట్టుకునే పాఠం చెప్పేదాన్ని. కాబట్టి టీచరు అప్పన్నకి మొక్కుకుంది, పాపం ఆ మొక్కు ఎన్నాళ్ళకీ తీరడం లేదు. ఇదీ వాళ్ళ లెక్క!

నా పేరు ఖైరున్నీసా. వన్‌టౌన్ కోటవీధిలో పుట్టినదాన్ని. ఆ పేరు పిల్లల నోట ఇమడక కైరమ్మనయ్యాను. మా ఆయన హార్బర్లో కలాసీ. ఓడ వస్తే కూలి ఉంటుంది, రాకపోతే లేదు. ఇల్లు నా జీతం మీదే నడిచేది. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై ఊరినిండా కొత్త ఇంజనీర్లు దిగుతున్న రోజులవి. మా బడి కరస్పాండెంటు శ్రీరామ్మూర్తి గారికి వాళ్ళ పిల్లల మీద కన్నుపడింది. పెంకుటింటికి కాన్వెంటని కొత్త బోర్డు పెట్టించారు.

ఒకరోజు గౌరీశ్వరి గుండుతో వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. మగపిల్లలు దాని తువ్వాలు లాగేసి నవ్వితే ఏడవలేదు. మూతి బిగించుకుని నా కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.

"టీచరమ్మా, నా జుత్తు దసరాకి వచ్చేత్తాదంట, మాయమ్మ సెప్పింది. నీదెందుకు రాట్నేదు?"

నాకు నవ్వాగలేదు. "ఓసి పిచ్చిమొకమా! నాకు జుత్తు నేదని నీకెవులు సెప్పారే?"

క్లాసంతా ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. చివరికి వీర్రాజు లేచాడు. "ఉంటే మరెందుకు కప్పీసుకుంటావు?"

ఇదే మాట పెద్దవాళ్ళు చాలామంది అడిగారు నన్ను. వాళ్ళకి జవాబు అక్కర్లేదు. అయ్యో పాపం అనడానికి ముందు ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడుగుతారు. నాకు ఒళ్ళు మండేది. వీడు మాత్రం నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. పలక పక్కన పెట్టి కూర్చున్నాను.

"పెద్దయిన ఆడది పరాయి మగోళ్ళ ముందర జుత్తు కప్పుకోవాలని మా దేవుడు సెప్పాడు. మా నాన్న దీన్ని హిజాబనీవోడు. మాయమ్మ కప్పుకుంది, నాకూ నచ్చింది. ఇంటికెళ్ళాక తీసేత్తాను. తలంటుకుంటాను, జడేసుకుంటాను, మీ అమ్మల్లాగే."

"సాయిబులమ్మలందరూ కప్పుకుంటారా?"

"నేదు. మా సెల్లి కప్పుకోదు. దాని తల, దాని ఇష్టం."

"మరి మగోళ్ళకో?"

"ఆళ్ళని కళ్ళు దించుకుని నడవమన్నాడు. ఆళ్ళకది గుర్తుంటే కదా!"

ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. వీర్రాజు వదల్లేదు. "ఎవులైనా తీసీమంటే?"

"మీ తాతని నడిబజార్లో పంచిప్పమంటే ఇప్పుతాడా?"

"ఛీ!"

"నాకూ అంతే."

గౌరీశ్వరికి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. గుండు తడుముకుంటూ అలా చూస్తూనే ఉంది. దాన్ని దగ్గరకి లాక్కుని, దాని చెయ్యి పట్టుకుని నా మెడ వెనక గుడ్డ కిందకి పోనిచ్చాను. జడ దొరికింది దానికి. "ఉందిరా! జడుందిరా!" అని గెంతులేసింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ జుత్తు లేదన్న మొదటి మాట అప్పటికే వీధులు దాటేసింది. కైరమ్మకి తల్లో ఏదో జబ్బట, పిల్లలకి అంటుకుంటుందట. ఒక ఇంజనీరుగారి భార్య పిల్లవాణ్ణి మాన్పించేసింది. శనివారం నేను ఎక్కాలు చెప్పిస్తుంటే శ్రీరామ్మూర్తి గారు క్లాసులోకే వచ్చేశారు.

"సూడమ్మా, తల్లులందరికీ అనుమానం పట్టుకుంది. ఆ గుడ్డ ఓపాలి తీసి సూపించీ, గొడవొదిలిపోద్ది. సోమవారం నుంచి మరి కట్టుకోకు. కాన్వెంటు కదా, బాగోదు."

"తీయనండి."

"ఈ గుండుపిల్లకి సూపించావంట?"

"నాకు సూపించాలనిపించింది, సూపించాను. ఇప్పుడు మీరు తీయమంటన్నారు. తీయను."

"అయితే సోమవారం నుంచి రాకు. తీత్తావా, పోతావా? ఇప్పుడే సెప్పు."

భయమేసింది. అబద్ధమెందుకు? ఆ వారం ఒక్క ఓడా రాలేదు, డబ్బాలో బియ్యం అడుగంటాయి. పిల్లలందరూ నా తలవైపే చూస్తున్నారు. నా చెయ్యి తల మీదకి వెళ్ళి ముడి ఇంకాస్త బిగించింది.

అప్పుడు గౌరీశ్వరి లేచింది. శ్రీరామ్మూర్తి గారిని కింద నుంచి పైదాకా చూసి, "ముందు నువ్వు పంచిప్పు!" అంది.

క్లాసు గొల్లుమంది. ఆయన మొహం కందగడ్డయిపోయింది. "ఇదా నువ్వు నేర్పుతన్న సదువు?" అని నా మీద అరిచారు.

పిల్లని తిట్టాల్సింది. నోరు రాలేదు. "అవునండి, ఇదే," అన్నాను. "సోమవారం వస్తాను. ఆపాలనుంటే గేటు దగ్గర, ఈ పిల్లల ముందరే ఆపండి."

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన, "బళ్ళో ఉన్నంతసేపు తీసేత్తే పోలేదా?" అన్నాడు. ఆ పూట ఆయన అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

సోమవారం తెల్లగుడ్డ చాలదన్నట్టు నల్ల బురఖా కూడా వేసుకుని బయల్దేరాను. గేటు మూసి, దాని మీద రెండు చేతులూ వేసి శ్రీరామ్మూర్తి గారు నిలబడ్డారు. లోపల పిల్లలు ఆట ఆపేశారు. బయట గౌరీశ్వరి తల్లి అసిరమ్మ చేపలగంప కింద దింపుకుని, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"పిల్లని లోపలికి పంపమ్మా," అన్నారాయన.

"టీచరెల్లాక అంపుతాను బాబూ. ఆవిడెల్లకపోతే మా పిల్లెందుకు?"

ఆమె వెనక ఇంకొందరు తల్లులు. ఎవరూ కదల్లేదు. నేను గేటు దాకా వెళ్ళి, ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఆయనే కళ్ళు దించుకున్నారు. గడియ తీశారు.

"బెల్లు కొట్టీసారు. తొరగా నడమ్మా, తొరగా," అన్నారు.

నేను తొందరగా నడవలేదు.