ఫ్యూజు బోర్డు మీది బొట్టు

"పాత బోర్డు పీకేస్తాండా సార్," అంటూ ఎలక్ట్రీషియన్ ఓబులేష్ మెయిన్ ఆపబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

ఆ చెక్క బోర్డు మీద, పింగాణీ ఫ్యూజుల పక్కన, నా భార్య యశోద ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ బొట్లు ఉన్నాయి. ఆమె పోయాక అవి తుడవడానికి నాకు చేతులు రాలేదు.

"ఇంకో నెల ఆగుదామప్పా."

"మళ్లీ ఆగేదా? ఈ బోర్డు మీకంటే ముందే రిటైర్ కావాల్సింది సార్. కర్నూలు ఎండకు చెక్క అగ్గిపుల్ల మాదిరి అయ్యుండాది."

మా మాటలు విని, పక్క వాటాలో అద్దెకుండే జీవమ్మ బయటికొచ్చింది. వెనక ఆమె కూతురు మహిమ, చేతికి కట్టుతో. మొన్న ఫ్రిజ్ తలుపు పట్టుకుని షాక్ తిన్నది ఆ పిల్లే. రెండు వాటాలకూ ఈ బోర్డే ఆధారం.

"సార్‌ను ఇబ్బంది పెట్టొద్దప్పా," అంది జీవమ్మ. "తప్పు మా ఫ్రిజ్‌దే. అమ్మేస్తాండాం."

ఆ కట్టు వైపు చూడలేక తల వంచుకున్నాను.

"ఫ్రిజ్ ఉంచుకోమ్మా. ఓబులేషూ, పీకెయ్."

మధ్యాహ్నానికి, షాక్ కొడితే తానే కరెంటు ఆపేసే కొత్త పెట్టె గోడకెక్కింది. ఓబులేష్ బొట్లు చెదరకుండా పాత పలకను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

అప్పుడు, ప్రతి ఆదివారం చర్చికి పోయే జీవమ్మ మెల్లగా అడిగింది:

"అమ్మ ఉంటే దీనికీ బొట్టు పెట్టేది కదా సార్. మీరు పెట్టరా?"

నేను ఆ బోర్డును ఎందుకు పీకనివ్వలేదో ఆమెకు మొదటినుంచీ తెలుసు. తెలిసే తప్పును ఫ్రిజ్ మీదికి తోసింది. కుంకుమ భరిణె కోసం లోపలికి వెళ్లిన నాకు, మళ్లీ వాళ్ల ముందుకు రావడానికి చాలాసేపు పట్టింది.