వేడిలో తూచని పట్టు

మా ఆవిడ రిమోట్ కారు వరుసగా మూడు ఫైనళ్లలో మధ్యలోనే ఆగిపోయింది. ఈసారీ ఆగితే ఇక రిమోట్ ముట్టనని పొద్దున్నే తేల్చి చెప్పింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు.

సెమీఫైనల్లో మోటారు కాలినంత పనైంది. ఫైనల్‌కు ఐదు నిమిషాలే వ్యవధి. మోటారు మార్చడానికి అది చాలు. మోటారు తీగలను లోపలి స్ప్రింగుతో పట్టి ఉంచి, చిటికెలో ఊడదీసే వీలున్న కనెక్టర్లను ఎంపిక చేసింది నేనే. ఎనిమిది రోజులపాటు నాలుగు రకాలను, ఒక్కొక్కటి నలభైసార్లు స్ప్రింగు త్రాసుతో లాగి, పట్టు ఎంతో రాసుకున్నాను. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. దుకాణదారు మాట మీద ఆధారపడలేదు.

గడియారాలు బాగుచేసే మా బావమరిది పాత మోటారు తీగను రెండు వేళ్లతో ముట్టుకున్నాడు. కనెక్టర్ జారి చేతిలోకి వచ్చింది.

"బావా, నేను లాగనే లేదు."

"నలభైసార్లు పరీక్షించానురా!"

"చల్లగా ఉన్నప్పుడా?"

మూడు ఫైనళ్లలో కారెందుకు ఆగిందో అప్పుడర్థమైంది. అన్నిసార్లూ మా భోజనాల బల్ల మీదే. వేడెక్కిన స్ప్రింగు పట్టు సడలుతుందని క్లాసులో చెప్పింది కూడా నేనే.

"నీకు డాక్టరేటు ఇవ్వచ్చు బావా."

"వెక్కిరింపులు తర్వాతరా. ఇప్పుడేం చేద్దామండీ?" అంది మా ఆవిడ.

"కనెక్టర్లు కోసేసి తీగలు నేరుగా అతికించాలి. మోటారుకున్న మూడు తీగల్లో ఏ రెండు తారుమారైనా కారు వెనక్కి పోతుంది," అన్నాను.

సోల్డరింగ్ ఐరన్ కాగడానికే నిమిషం పట్టింది. బావమరిది కొత్త మోటారు తీగలు పట్టుకున్నాడు, నేను అతికించాను. మా ఆవిడ మీట నొక్కింది.

చక్రాలు వెనక్కి తిరిగాయి.

 రెండు అతుకులు విప్పి, తీగలు మార్చి, మళ్లీ అతికించాను. టేపు చుడుతుండగానే పిలుపొచ్చింది. సరిచూసుకునే వ్యవధి లేదు. నమ్మకమనే మాట నాకు గిట్టదు. కానీ రెండు తీగలు మారితే దిశ మారి తీరాలన్న సూత్రం తప్ప ఆ క్షణాన నా చేతిలో ఏమీ లేదు.

జెండా ఊగింది. కారు ముందుకే కదిలింది.

ఇరవై చుట్లు. పద్నాలుగో చుట్టులో వెనకనుంచి ఒక కారు గుద్దింది. మాది పల్టీ కొట్టి, చక్రాల మీదే పడింది.  అయినా ఆగలేదు.

ఆరుగురిలో ఐదో స్థానం. చెమట తుడుచుకుంటూ వచ్చిన మా ఆవిడ మేం అతుకులు వేసిన బల్లవైపు చూసింది.

"ఐరన్ ప్లగ్గు అప్పుడే తీయకండి. ఒరేయ్ తమ్ముడూ, ఇంకో మోటారు తీగలు కూడా ఒలిచిపెట్టు. ఎల్లుండి పోటీకి పేరిచ్చి వచ్చాను."