లింబాద్రి మొక్కకు పచ్చకామెర్లు

కువైట్‌లో యుద్ధం అయిపోయింది గానీ పొగ అయిపోలేదు. అక్కడ నూనె బావులు మండుతుంటే ఇక్కడ సౌదీలో రాస్ తనూరా క్యాంపులో ఆరేసిన బనీన్లు నల్లబడుతున్నాయి. క్యాంపంతా నలుపే. ఒక్క లింబాద్రి మొక్క మాత్రం పసుపు.

లింబాద్రిది జగిత్యాల పక్క పల్లె. ఇక్కడ పైపు ఫిట్టరు. కారేదాన్ని కారకుండా చెయ్యడమే అతని కొలువు. ఎక్కడన్నా చుక్క కనబడిందా, జేబులోంచి తెల్ల టేపు తీసి బిగించేదాకా అతనికి అన్నం సహించదు. అలాంటివాడు జన్మలో మొదటిసారి ఒక మొక్క పెంచాడు. ఊరినుంచి వస్తున్న అంజన్న చేత పెళ్ళాం ముత్యవ్వ పుంటికూర, అదే గోంగూర, గింజలు పంపింది. లింబాద్రి ఖాళీ నూనె డబ్బా సంపాదించి, అడుగున ఉన్న చిల్లును బ్రహ్మాండంగా బిగించి, మట్టి నింపి గింజ నాటాడు. ఎండలు ముదిరాక గది ఏసీ నీళ్ళ గొట్టం దాంట్లోకే తిప్పాడు.

మొదట గుండ్రటి ఆకులు వచ్చాయి. ఇతను మురిసిపోయాడు. తర్వాత వచ్చిన ఆకులు అయిదేసి వేళ్ళు చాపాయి. ఆ వేళ్ళు చూసి మెస్సు వంటవాడు బాబ్జాన్ ముక్కున వేలేసుకున్నాడు. అతనిది కడప.

"ఏమప్పా, ఇది కూరాకు కాదు. మా పక్క సాములు చిలుంలో దట్టించే ఆకు. గంజాయి!"

"ఏహె! మా ముత్యవ్వ పంపింది."

"పంపింది ముత్యవ్వ. తెచ్చిందెవురు? ఆ అంజన్న సంచిలో ఎంతమంది పొట్లాలుండాయో! నీ గింజ యాడికి పోయిందో, ఎవుని గింజ నీకొచ్చిందో! ఈ దేశంలో గంజాయంటే తలకాయే. మొక్క పీకుతావో, పీకే ఇస్తావో, నీ ఇష్టం."

సరిగ్గా ఆ తర్వాతే అడుగాకులు పసుపెక్కడం మొదలైంది. లింబాద్రికి నవ్వాలో ఏడవాలో అంతుబట్టలేదు. పుంటికూరైతే బతకాలి. గంజాయైతే చావాలి. ఒక ఆకు రాలితే "అయ్యో, నా కూర" అని గుండె గుబేలుమనేది. అంతలోనే "పోనీ, పీడ పోతాంది" అని కుదుటపడేది. పొద్దున మొక్కకు మొక్కేవాడు, సాయంత్రం దాన్నే తిట్టేవాడు. ఏ పూట ఏది చెయ్యాలో తప్పిపోయి, ఒకరోజు పొద్దున్నే తిట్టాడు.

టెలిఫోను బూత్‌లోంచి ఊరికి, ముత్యవ్వకు ఫోను చేశాడు.

"ఏం గింజలు పంపినవే?"

"పుంటికూర గింజలు. ఏమైంది?"

"అవే వచ్చినయా అని."

"వచ్చింది నీకు! నన్నడుగుతవేంది?"

"ఆకులు పచ్చబడ్తున్నయే."

"మంచిదే గదా."

"గా పచ్చ గాదే! పచ్చకామెర్ల పచ్చ."

"మరి మందు పొయ్యకపోయినవా?" అని ముత్యవ్వ ఫోను పెట్టేసింది.

గదిలో ఉండే శామ్యూల్ పాలకొల్లు మనిషి, క్రేన్ డ్రైవరు. అతను తేల్చి చెప్పేశాడు. "గోంగూరండీ బాబూ. ఆయ్! దీన్ని తినే ఇంతవాణ్ణయ్యాను."

"అయితే నములు" అన్నాడు పక్కనే ఉన్న బాబ్జాన్.

శామ్యూల్ ఆకు దాకా చెయ్యి చాపి, బాబ్జాన్ మొహం చూసి వెనక్కి లాక్కున్నాడు. "ఉపవాసంలో ఉన్నానండి."

"మీ ఈస్టరు ఎప్పుడో అయిపాయె గదా!" అన్నాడు లింబాద్రి.

"కొనసాగిస్తున్నానండి."

లింబాద్రి మాత్రం? ఆకును నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. నమిలితే తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఏదో ఒకటి చెయ్యాలి.

పసుపుకి కారణం మాత్రం తలా ఒకటి చెప్పారు. "కువైట్ పొగండీ. పొగ తాగితే మన పళ్ళే పసుపెక్కుతాయి, ఆకులెంత?" అన్నాడు శామ్యూల్. "పొగా గిగా లేదు, ఆకలి. గంజి పోయప్పా" అన్నాడు బాబ్జాన్. గంజి పోస్తే గంజాయి బలుస్తుందేమోనని లింబాద్రి జంకాడు. జంకుతూనే పోశాడు. తడిగుడ్డతో మసి తుడిచాడు. టీ కడిగిన నీళ్ళూ పోశాడు. డబ్బాలోకి అన్నీ పోయాయి, ఏదీ బయటికి రాలేదు. వైద్యం పెరిగేకొద్దీ పసుపూ పైకి పాకింది.

ఇంతలో శుక్రవారం ముదీరు గదుల తనిఖీకి వస్తున్నాడని కబురు. క్యాంపు మేనేజరుకు అక్కడ అదే పేరు. ఆ శుక్రవారం పొద్దున్నే లింబాద్రి మొక్క దగ్గరికి పరుగెత్తాడు. పీకేద్దామని కాడ పట్టుకున్నాడు, చేతులు రాలేదు. డబ్బాతో సహా గోడవతల పడేద్దామని ఎత్తబోయాడు, డబ్బా లేవలేదు. పైగా లోపల గుడగుడమంది.

పైపులతో బతికేవాడికి గుడగుడ అర్థం వేరే చెప్పాలా? డబ్బాను పక్కకి వంచాడు. అడుగున తన టేపే, తన బిగింపే. ఎంత గట్టి పనంటే ఇన్నాళ్ళూ ఒక్క చుక్క జారలేదు. ఊడబెరికాడు. నల్లటి కుళ్ళు నీళ్ళు బుడబుడమంటూ గచ్చంతా పారాయి.

శామ్యూల్ ముక్కు మూసుకున్నాడు. "పొగ కాదండీ, మునక! ఇన్నాళ్ళూ మీరు పెంచింది మొక్క కాదు, సబ్‌మెరీను!"

అప్పుడే గుమ్మంలో తెల్లటి తోబు, అరబ్బుల పొడుగు అంగీ, కనబడింది. ముదీరు! బాబ్జాన్ పొయ్యి మీద ఏదో మాడుతోందని మాయమయ్యాడు.

"యే క్యా హై?" అన్నాడు ముదీరు, వచ్చీరాని హిందీలో. అతని చూపు అయిదు వేళ్ళ ఆకు మీదే నిలిచింది.

"సబ్జీ సార్. ఖానా, ఖానా."

ముదీరు నమ్మలేదు. ఆ మాటకొస్తే లింబాద్రీ నమ్మలేదు. ఇక దారి లేదు. పై ఆకు తెంపాడు, కళ్ళు మూసుకున్నాడు, నమిలాడు.

పులుపు! దవడలు లోపలికి లాగేసే పులుపు. ఒక కన్ను తెరుచుకోనంది, రెండో కంట్లోంచి నీళ్ళు. ముదీరు కంగారుపడి భుజం పట్టుకున్నాడు. లింబాద్రి ఏడుస్తూ నవ్వుతూ ఇంకో ఆకు తెంపి అతనికిచ్చాడు. ముదీరు వాసన చూసి, కొస కొరికి, మొహం చిట్లించాడు. "లేమూన్!"

"నా ఉపవాసం అయిపోయిందండి" అంటూ శామ్యూల్ కూడా ఒక ఆకు లాక్కున్నాడు.

ముదీరు గచ్చు చూశాడు. "పానీ! లీక్! ప్లంబర్ కౌన్?"

లింబాద్రి చెయ్యెత్తాడు.

"బంద్ కరో!" అని ముదీరు పక్క గదికి వెళ్ళిపోయాడు.

డబ్బా అడుగునుంచి చుక్క, చుక్క, చుక్క. లింబాద్రి చెయ్యి అలవాటుగా జేబులోకి పోయి టేపు తీసింది.

"బిగిస్తారా ఏంటండీ?" అన్నాడు శామ్యూల్, పులుపుతో నోరు వంకర పోతుంటే.

లింబాద్రి టేపును చూశాడు, పసుపు ఆకుల్ని చూశాడు. "మందు పొయ్యమన్నది మా ముత్యవ్వ. దీని మందు పొయ్యుడు గాదన్నా, పోనిచ్చుడు" అని టేపు మళ్ళీ జేబులో పెట్టుకుని, డబ్బాను కారనిచ్చాడు.